నమ్మకం, అమానత్: ఖాజా మహమూద్ గవాన్ ఉదంతం

పెనుగంచిప్రోలును ఒరుసుకొని పారే మునేరు దక్షిణంగా సాగి కృష్ణానదిలో కలుస్తుంది. నందిగామ దాటి ఆగ్నేయంగా వెళితే కొండపల్లి కొండలు, వాటిపై శిథిలమైన కోట కనిపిస్తాయి. ఒకప్పుడు కృష్ణాజిల్లా మెట్ట ప్రాంతమనబడి, 2022 నుండి ఎన్టీఆర్ జిల్లాలో చేరిన ఈ సీమలో కొండపల్లి అనగానే అందరికీ కొయ్యబొమ్మలే గుర్తుకు వస్తాయి. కాని దక్కన్ చరిత్రను మలుపు తిప్పిన ఒక ఘోరమైన అన్యాయం కూడా ఇక్కడే జరిగింది. హిజ్రీ 886 సఫర్ 5న, అనగా 1481 ఏప్రిల్ 5న, బహమనీ ప్రధానమంత్రి ఖాజా మహమూద్ గవాన్ తన సుల్తాన్ ఆజ్ఞ మేరకు కొండపల్లి విడిదిలో వధింపబడ్డారు.

నమ్మినవారి చేతిలో మోసపోయిన ప్రతి మనిషికీ రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. ఇక మనుషులను నమ్మవచ్చునా? అల్లాహ్‌పై భారం వేసినవానికి ఇలా ఎందుకు జరిగింది? ఖాజా జీవితాన్ని ఈ ప్రశ్నలతో పరిశీలిస్తే ఎంతో నేర్చుకోవచ్చు.

గీలాన్ నుండి బీదర్‌కు

ఖాజా ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతీయులు. వారి పూర్వీకులు అక్కడి పాలకుల వద్ద మంత్రులుగా ఉన్నారు. దర్బారులోని వారి ఈర్ష్య, కుట్రల కారణంగా ఆయన స్వదేశం విడిచి వర్తకం చేపట్టారు. అనగా మనుషులవల్ల మోసపోవడం ఆయనకు కొండపల్లిలోనే మొదలు కాలేదు. 1453లో, నలభై ఏళ్ళు దాటిన వయసులో, దాభోల్ రేవులో దిగి బీదర్ చేరారు. అక్కడి సూఫీ మహనీయులు షాహ్ ముహిబ్బుల్లాహ్‌ను దర్శించాలన్నది ఆయన కోరిక. దర్బారులవల్ల ఒకసారి దెబ్బతిన్న మనిషి మరో దర్బారు గడప తొక్కకపోయినా ఎవరూ తప్పుపట్టరు. అయినా సుల్తాన్ అలాఉద్దీన్ అహ్మద్ కోరినప్పుడు ఆయన కొలువు స్వీకరించారు.

తరువాత తొమ్మిదేళ్ళ వయసులో, 1463లో సింహాసనమెక్కిన మూడవ ముహమ్మద్ షాహ్‌కు ఆయనే పెద్దదిక్కయ్యారు. సుమారు 15 సంవత్సరాలు ప్రధానమంత్రిగా రాజ్యభారం వహించారు. 1472లో గోవాను జయించారు. అదే సంవత్సరం బీదర్‌లో మూడంతస్తుల మద్రసాను పూర్తి చేయించారు. నాలుగు తరఫ్‌లుగా ఉన్న రాజ్యాన్ని ఎనిమిదిగా విభజించి సర్దారుల అధికారాన్ని తగ్గించారు. దానితో పలువురికి, ముఖ్యంగా తెలంగాణ తరఫ్‌దారు మలిక్ హసన్ నిజాముల్ ముల్క్ బహ్రీకి, ఆయన కంటగింపైనారు.

ముద్ర ఒకరిది, వ్రాత మరొకరిది

తరువాతి కథను 17వ శతాబ్ది ఆరంభంలో బీజాపూర్‌లో ఉండి చరిత్ర రచించిన ఫెరిస్తా విపులంగా చెప్పాడు. ఖాజా ముద్రను భద్రపరిచే సేవకుణ్ణి కుట్రదారులు మచ్చిక చేసుకున్నారు. మద్యం తాగించి ఒక ఖాళీ కాగితంపై ముద్ర వేయించుకున్నారు. ఒరిస్సా గజపతిని దండెత్తి రమ్మని ఖాజాయే ఆహ్వానించినట్లు దానిపై ఉత్తరం వ్రాసి సుల్తాన్‌కు చూపారు. సుల్తాన్ అప్పుడు మద్యం మత్తులో ఉన్నాడు. వెంటనే ఖాజాను పిలిపించాడు. పోవద్దని, గుజరాత్ వైపు వెళ్ళిపొమ్మని శ్రేయోభిలాషులు హెచ్చరించారు. నిరపరాధినన్న ధైర్యంతో ఆయన వెళ్ళారు. ముద్ర తనదే గాని ఉత్తరం తనది కాదని చెప్పారు. సుల్తాన్ వినలేదు. అది ఎవరి చేవ్రాలో పోల్చి చూడలేదు, ముద్ర కాపరిని ప్రశ్నించలేదు. వృద్ధుడైన ఖాజా తల తెగిపడింది.

తరువాత ఖాజా కోశాధికారిని పిలిచి ఆస్తి లెక్కలు అడిగారు. రాజు సేనలకై వ్యయపరచే సొమ్ము ఒక ఖజానాలోను, బీదలకు చెందినది మరో ఖజానాలోను ఉండేవని తేలింది. రెంటిలోనూ మిగిలినది కొద్ది మొత్తమే. ఖాజా తన సొంత ఖర్చుకు వర్తకంలోని లాభమే వాడుకునేవారు. చాపపై నిద్రించేవారు, మట్టిపాత్రలలో భుజించేవారు. నోటిమాట చెల్లని చోట ఆయన పక్షాన సాక్ష్యం పలికినవి ఆ లెక్కలే. కాని అప్పటికే సమయం మించిపోయింది.

అటుపై యూసుఫ్ ఆదిల్ ఖాన్ మొదలైన సర్దారులు తమ సేనలతో దూరంగా విడిది చేశారు. సుల్తాన్‌కు దూరం నుండే సలాము చేసేవారు. ఇంతటి విశ్వాసపాత్రునికే రక్షణ లేనప్పుడు తమకేమి ఉంటుందని వారి భయం. 1482లో, ఏడాది తిరగకముందే, సుల్తాన్ పశ్చాత్తాపంతో కన్నుమూశాడు. కుట్రకు మూలమైన మలిక్ హసన్ కూడా 1486లో హత్యకు గురైనాడు. క్రమంగా ఆ రాజ్యం అయిదు ముక్కలైంది. ముక్కలు కావడానికి ఇతర కారణాలూ ఉన్నాయి. కాని పరస్పర విశ్వాసం కోల్పోయిన దర్బారుకు వాటిని తట్టుకునే శక్తి లేకపోయింది.

హజ్రత్ యాఖూబ్ (అ) చూపిన మార్గం

ఇక మన ప్రశ్నలకు వద్దాము. దివ్య ఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరాలో రెండు ఆదేశాలు దగ్గరదగ్గరగా ఉన్నాయి. దుర్మార్గుడు వార్త తెస్తే విచారించి తెలుసుకోమని 6వ ఆయత్, అతిగా అనుమానించడం మానుకోమని 12వ ఆయత్ బోధిస్తాయి. కొందరు వీటిలో మొదటిదానినే పట్టుకొని అందరినీ శంకిస్తారు. మరికొందరు రెండవదానినే పట్టుకొని కళ్ళు మూసుకుంటారు. సుల్తాన్ రెంటినీ విడిచాడు. విచారించనూ లేదు, అనుమానాన్ని అణచుకోనూ లేదు.

యూసుఫ్ సూరాలో ఇంకా లోతైన పాఠం ఉంది. యూసుఫ్ (అ)ను పోగొట్టి వచ్చిన కొడుకులే మళ్ళీ చిన్న కుమారుణ్ణి తమతో పంపమన్నప్పుడు హజ్రత్ యాఖూబ్ (అ) గతాన్ని మరచిపోలేదు. వారిని పూర్వంలాగా నమ్మలేనని స్పష్టంగా అన్నారు. అయినా తలుపు మూసివేయలేదు. అల్లాహ్ సాక్షిగా గట్టి ప్రమాణం తీసుకొని పంపారు. ఇంత జాగ్రత్త పడినా ఆ బిడ్డ కూడా ఈజిప్టులో చిక్కుకుపోయాడు! అప్పుడైనా ఆయన నిరాశ చెందలేదు; అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దని కొడుకులకే బోధించారు. ఆయన ప్రమాణం తీసుకున్నది మనుషుల నుండి. ఆధారపడింది మాత్రం అల్లాహ్‌పై. అందుకే మనుషుల వల్ల జరిగిన నష్టం ఆయన విశ్వాసాన్ని తాకలేకపోయింది.

తవక్కుల్ అంటే ఎన్నడూ మోసపోమన్న హామీ కాదు. ఒంటెను కట్టి ఆపై అల్లాహ్‌పై భారం వేయమన్న దైవప్రవక్త (స) బోధ తిర్మిజీలో ఉన్నది. తాడు కట్టడం మన బాధ్యత; తాడే రక్షిస్తుందనుకోవడం పొరపాటు.

మన వ్యవహారాలలో

ఈ పాఠం మన పల్లెలకు ఎంతో అవసరం. మిరప, పత్తి పండించే ఈ సీమలో నేటికీ ఎంతో కౌలు నోటిమాట మీదే నడుస్తుంది. చేబదుళ్ళు, చీటీలు, జామీనులు కూడా అంతే. కాగితం అడిగితే, మామీద నమ్మకం లేదా అని ఎదుటివారు నొచ్చుకుంటారు. కాని అప్పు వ్యవహారాన్ని సాక్షుల సమక్షంలో వ్రాసుకోమని బఖరా సూరా 282వ ఆయత్‌లో ఆదేశించబడింది. ఆ ఆదేశం విశ్వాసులను సంబోధించినదే! వ్రాత అనుమానానికి గుర్తు కాదు, అమానత్‌కు కాపలా. మసీదు సొమ్ముకు లెక్క వ్రాయడం ముతవల్లీని శంకించడం కాదు. ఖాజా లెక్కలవలె ఒకనాడు ఆయన గౌరవాన్ని కాపాడేది అదే.

ఇక ఇప్పటికే మోసపోయినవారి మాట. తన కుమార్తె హజ్రత్ ఆయిషా (రజి)పై నిందను ప్రచారం చేసినవారిలో తన సాయంతో బ్రతికే బంధువు మిస్తహ్ ఉన్నాడని తెలిసి, హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆ సాయం ఆపివేస్తానని ఒట్టు పెట్టుకున్నారు. నూర్ సూరాలోని 22వ ఆయత్ క్షమించమని బోధించగా సాయాన్ని తిరిగి కొనసాగించారు. క్షమించడం వేరు, మళ్ళీ అమానత్ అప్పగించడం వేరు. మొదటిదానికి అల్లాహ్ మన్నింపుపై ఆశ చాలు. రెండవదానికి ప్రమాణం, సాక్షి, కాలం కావాలి. ఈ తేడా తెలిసినవాడు అందరి మీదా తలుపు మూసుకోనవసరం లేదు, మళ్ళీ గుడ్డిగా నమ్మనవసరమూ లేదు.

గీలాన్‌లో మోసపోయిన ఖాజా మనుషులను నమ్మడం మానివేసి ఉంటే బీదర్ మద్రసా లేచేది కాదు. 1696లో మందుగుండు పేలి సగం కూలినా అది నేటికీ నిలిచే ఉంది. ఆయనను చంపించిన ఉత్తరం మాత్రం అబద్ధమని అందరూ ఎరుగుదురు. అమానత్‌ను కాపాడే సద్బుద్ధిని, దెబ్బతిన్న హృదయాలకు మళ్ళీ నమ్మగల ధైర్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.