సకల పునీతుల ముందురాత్రి

హైదరాబాదు నగరమునకు పడమట, గండిపేట చెరువునకు చేరువగా కోకాపేట యను గ్రామము కలదు. 1920లో ఆ చెరువు, అనగా ఉస్మాన్‌సాగరము, కట్టి ముగించిన కాలమున అది పొలములును రాతిగుట్టలును గల పల్లె. 2023 ఆగస్టులో జరిగిన వేలమున అచ్చట ఎకరము నేల నూరు కోట్ల రూపాయలను మించినది. నే డది ఆకాశము నంటు మేడల ఊరు. ఆ మేడలలో కాపురమున్న వారిలో పలువురు అమెరికా సంస్థలలో కొలువు చేయువారు, ఆ దేశమున కొన్నేండ్లుండి వచ్చినవారు. వారితోపాటు ఆ దేశపు వేడుక యొకటి వచ్చినది. దానిని హాలోవీన్ అందురు. అక్టోబరు 31వ తేదీ సాయంకాలము పిల్లలు దయ్యముల వేషములు వేసికొని, ఇంటింటికి పోయి మిఠాయి లడుగుదురు.

నా పూర్వశిష్యు డొకడు అచ్చటనే యున్నాడు. అతడు మెదకు చర్చి నీడలో పెరిగిన క్రైస్తవుడు. భార్య గుంటూరి లూథరను కుటుంబమున పుట్టినది. కడచిన యేడు ఆ దంపతులు ఆరేండ్ల కూతును వెంటబెట్టుకొని నాయొద్దకు వచ్చిరి.

"సార్, పిల్లల ఆటే గదా, పంపుదమని నేను, వద్దని ఈమె. మాకు చరిత్ర చెప్పినవారు మీరు. ఈ పండుగ పుట్టుక యేమో చెప్పండి" అని అతడనెను.

"మాస్టారూ, ఆటయో కాదో నాకు తెలియదు. లిఫ్టు దగ్గర వ్రేలాడదీసిన ఎముకలగూటిని చూచి, 'నాయనమ్మ ఇప్పుడు ఇట్లే ఉన్నదా?' అని ఇది అడిగినది. ఆ రాత్రి నిద్రపోలేదు" అని ఆమె చెప్పెను. ఆ బిడ్డ నాయనమ్మ ఆ వేసవిలోనే గతించినది.

నిర్ణయము తల్లిదండ్రులది, చరిత్ర మాత్రమే నేను చెప్పగలను. నాడు వారికి చెప్పినదానినే నేడు మీకు మనవి చేయుచున్నాను.

హాలోవీన్ అను మాటకు సకల పునీతుల పండుగకు ముందటి సాయంకాల మని యర్థము. క్రీ.శ. 609 ప్రాంతమున నాలుగవ బోనిఫేసు పోపు, రోమునగరమందలి పాంథియాను ఆలయమును మరియమ్మకును హతసాక్షులందఱకును అంకితము చేసెను. ఆ దినము మే 13. తరువాత 835లో, నాలుగవ గ్రెగరీ పోపు కాలమున, ఫ్రాంకుల రాజ్యమందు నవంబరు 1వ తేదీ పునీతుల పండుగకు నిర్ణయింపబడెను. సుమారు 1000వ సంవత్సరమున క్లూనీ మఠాధిపతియగు ఓడిలో, ఆ మఱునాడు మృతులైన విశ్వాసులందఱిని స్మరించు నాచారమును నెలకొల్పెను.

ఐర్లండులో అదే కాలమున సావిన్ అను పండుగ యుండెను. అది వేసవి పోయి శీతకాలము వచ్చు సంధి. ఆ రాత్రి లోకాంతరవాసులు ఈ లోకమున తిరుగుదురని జనుల నమ్మిక. దానిని మాన్పుటకే క్రైస్తవసంఘము నవంబరు మొదటి తేదీని ఎన్నుకొనెనని పలువురు వ్రాసిరి. ఇది అంత సులువుగా అంగీకరింపదగినది కాదు. ఐర్లండులోని ప్రాచీన క్రైస్తవ పంచాంగమున పునీతుల స్మరణ ఏప్రిల్ 20వ తేదీన కనబడుచున్నది. కావున ఇది కేవలము దయ్యముల పండుగ యనువారును, కేవలము పునీతుల పండుగ యనువారును సగము నిజమే చెప్పుచున్నారు. రెండు ఏఱులు కలిసి పాఱినవి.

ఇంటింటికి పోయి అడుగుట కూడ ప్రాచీనమే. ఇంగ్లండులో బీదలును పిల్లలును ద్వారముల కడ నిలిచి, ఆ యింటి మృతులకై ప్రార్థింతుమని చెప్పి, రొట్టెబిళ్లలు పుచ్చుకొనువారు. మతసంస్కరణము వచ్చిన పిమ్మట మృతులకై ప్రార్థించుట తగదని సంస్కర్తలు దానిని ఖండించిరి. ఆ సంస్కరణమునకు నాంది పలికిన దినమును ఇదియే: 1517 అక్టోబరు 31న మార్టిన్ లూథరు తన తొంబదియైదు వాదములను ప్రకటించెను. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరు చేరిన నాటినుండి వేళ్లూనిన లూథరను సంఘమునకు ఆ తేదీ ఎంతమాత్రమును క్రొత్తది కాదు.

1845లో మొదలైన ఆలుగడ్డల కరవునకు తాళలేక ఐర్లండు ప్రజలు లక్షలాదిగా అమెరికాకు తరలిరి. స్వదేశమున టర్నిప్ దుంపను తొలిచి దీపము పెట్టువారు అచ్చట గుమ్మడికాయను తొలిచిరి. వేషములతో మిఠాయి లడుగు నేటి పద్ధతి ఇరువదవ శతాబ్దిలో అచ్చటనే స్థిరపడినది.

ఇట్టి ఆచారము లెదురైనప్పుడు క్రైస్తవు లేమిచేసిరి? 601లో మహాగ్రెగరీ పోపు ఇంగ్లండులోని బోధకులకు, పాత ఆలయములను కూల్చవద్దనియు, విగ్రహములను తొలగించి ఆరాధనకు వాడుకొనుడనియు వ్రాసెను. అది కలుపుకొను మార్గము. 1659లో మసాచుసెట్సులోని ప్యూరిటనులు క్రిస్మసును జరుపుకొన్నవారికే జుల్మానా విధించిరి. అది వేరుపడు మార్గము.

తెలుగు క్రైస్తవులు రెండు మార్గములను ఎఱిగినవారే. పందొమ్మిదవ శతాబ్దిలో పురుషోత్తమ చౌధరి మన రాగతాళములతో క్రీస్తుకీర్తనలు రచించెను. వానిని నేటికిని పాడుచున్నారు. పొరుగువారు ప్రసాదము తెచ్చినప్పుడు మాత్రము వెనుదీయు కుటుంబములు పెక్కు. విగ్రహములకు అర్పించిన పదార్థమును గుఱించి పౌలు కొరింథువారికి చెప్పిన తీర్పు వారికి కంఠస్థము: విగ్రహమున శక్తి లేదు, అయినను నీ స్వేచ్ఛ బలహీనుని మనస్సునకు ఆటంకము కాగూడదు.

భయమును గుమ్మము కడ నిలిపివేయు యత్నము మనకును క్రొత్తకాదు. కోకాపేట మేడలలో ఎన్ని గుమ్మములకు దిష్టి తగులకుండ బూడిదగుమ్మడికాయలు వ్రేలాడుటలేదు? 1990 ప్రాంతములలో "ఓ స్త్రీ రేపు రా" అని తలుపులపై వ్రాసికొన్న పల్లె లెన్నియో. అట్లే మృతులను ప్రేమతో తలచుటయు మనకు కలదు. తెలంగాణమున పెత్రమాసనాడు పెద్దలకు బియ్యమిత్తురు. తెలుగు క్రైస్తవులు నవంబరు 2న సమాధుల పండుగ చేయుదురు; సమాధులకు సున్నము వేసి, పూలు పఱచి, క్రొవ్వొత్తులు వెలిగింతురు.

నేనీ మాట చెప్పగా ఆ తల్లి కొంతసేపు మౌనముగా నుండి, "బలహీనుడన్న మాట మా యింట దీనికే చెల్లును, మాస్టారూ" అని కూతు తల నిమిరెను. తండ్రి మఱల ఆట యనలేదు.

వారు చేసినది ఇది. బిడ్డకు దయ్యపు వేషము వేయలేదు, తలుపు మూయనులేదు. వచ్చిన పిల్లలందఱకును ఆ బిడ్డయే గుమ్మము కడ కూర్చుండి మిఠాయిలు పంచినది. వచ్చినవారి వేషములను హేళన చేయవద్దని ముందే చెప్పియుంచిరి. నవంబరు 2న బిడ్డను మెదకు ప్రాంతమందలి తమ ఊరికి తీసికొనిపోయి, నాయనమ్మ సమాధిపై బంతిపూలు పెట్టించిరి. మృతులకై ప్రార్థించుట వారి సంఘమున లేదు. పునరుత్థానము నందలి నిరీక్షణతో తలచుకొనుట మాత్రము కలదు. మా మేడలోనే మఱియొక కథోలిక కుటుంబము తమ బాలుని పునీతుని వేషమున పంపినది. వారిని తప్పుపట్టుటకు నాకు చరిత్రలో ఆధారము కనబడదు.

పండుగ యెక్కడ పుట్టినదని అడుగుట మంచిదే. కాని పుట్టుక యొక్కటియే తీర్పు చెప్పజాలదు. అది మన బిడ్డ మనస్సున నేమి మిగుల్చునో అదియే చూడవలసినది. ఎముకలగూటిని చూచి బెదరిన బిడ్డకు దయ్యములు లేవని చెప్పిన చాలదు. నాయనమ్మ యేమైనదో చెప్పవలెను. ఊరినుండి వచ్చిన మఱునాడు ఆ బిడ్డ నాయొద్దకు వచ్చి, "తాతా, నాయనమ్మకు దీపం పెట్టి వచ్చినాము" అని చెప్పినది. లిఫ్టు దగ్గరి బొమ్మ అప్పటికి ఇంకను తీయబడలేదు. దాని ప్రక్కనుండియే నడచి వచ్చినది.