ప్రళయకావేరిలో పక్షుల విడిది.. నీటిమట్టమే ముహూర్తం

సూళ్లూరుపేట: ఈశాన్య రుతుపవనాల వానలు వెలిసి, పులికాట్‌ సరస్సులో నీరు మోకాలి లోతున నిలిచే వేళకు ఫ్లెమింగోలు గుంపులు గుంపులుగా దిగుతాయి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యగా సాగే రహదారిపై నిలిస్తే ఇరువైపులా గులాబీ వన్నె కలిసిన తెల్లని బారులు కనువిందు చేస్తాయి. తెలుగులో వీటికి పూకొంగ, సముద్రపు చిలుక అనే చక్కని పేర్లున్నా, పండుగ పుణ్యమా అని ఫ్లెమింగో అనే మాటే స్థిరపడింది.

ప్రళయకావేరిగా పేరున్న పులికాట్‌, చిలికా తరువాత దేశంలోకెల్లా పెద్ద ఉప్పునీటి సరస్సు. సింహభాగం ఆంధ్రప్రదేశ్‌లోనూ, మిగిలినది తమిళనాడులోనూ ఉంది. స్వర్ణముఖి, కాళంగి, ఆరణి నదుల మంచినీరు ఒకవైపు, ముఖద్వారాల గుండా బంగాళాఖాతపు ఆటుపోట్లు మరోవైపు చేరి ఇక్కడి నీటికి ప్రత్యేక గుణాన్ని కల్పిస్తాయి. ఆ నీటిలో పెరిగే నాచు, సన్నని రొయ్యలే ఫ్లెమింగోలకు ఆహారం. తల కిందులుగా ముంచి, వంకర ముక్కుతో బురదనీటిని వడగట్టి అవి మేత తీసుకుంటాయి. లోతు పెరిగితే కాలు ఆనదు, ఎండిపోతే మేత దొరకదు. కనుక అవి వచ్చే తేదీని పంచాంగం కాదు, నీటిమట్టమే నిర్ణయిస్తుంది.

గూడు నేలపట్టులో.. మేత పులికాట్‌లో

దొరవారిసత్రం మండలంలోని నేలపట్టు కథ వేరు. ఫ్లెమింగోలు ఈ తీరానికి మేత కోసమే వస్తాయి; దేశంలో వాటి ప్రధాన సంతానోత్పత్తి స్థావరం గుజరాత్‌లోని రాణ్‌ ఆఫ్‌ కచ్‌. నేలపట్టు చెరువుకు వచ్చే గూడబాతులు మాత్రం నీట మునిగిన కడప చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పొదుగుతాయి. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు వాటికి ఇరుగుపొరుగు. ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయని ఏటా చెప్పుకోవడం పరిపాటి. నిజానికి గూడబాతు దక్షిణాసియా పక్షియే. చెట్ల చుట్టూ నిలిచే నీరు గూళ్లకు కోటకందకం వంటిది. పిల్లల కోసం చేపలను తల్లిదండ్రులు పులికాట్‌ నుంచి మోసుకొస్తాయి. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీరు పైరుకు బలమని ఆయకట్టు రైతుల నమ్మకం. అందుచేతనే ఊరికీ పక్షికీ పొత్తు కుదిరింది. నేలపట్టు, పులికాట్‌ రెండింటినీ ప్రభుత్వం 1976లో పక్షుల రక్షిత కేంద్రాలుగా ప్రకటించింది.

2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్‌ ఈ విడిదికి ప్రచారం తెచ్చింది. కొన్నేళ్ల విరామం తరువాత 2025 జనవరి 18 నుంచి 20 వరకు సూళ్లూరుపేట, నేలపట్టు, అటకానితిప్ప, భీములవారిపాలెం, ఇస్కపల్లిలలో తిరిగి జరిగింది. 2022 ఏప్రిల్‌ 4న జిల్లాల పునర్విభజనతో సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం తిరుపతి జిల్లాలో చేరగా, ఇస్కపల్లి నెల్లూరు జిల్లాలోనే ఉంది. పక్షులకు ఈ సరిహద్దులతో పనిలేదు.

పూడుతున్న ముఖద్వారం

వేదికలపై ఆటపాటలకు దక్కిన శ్రద్ధ సరస్సు నోటికి దక్కలేదన్నది మత్స్యకారుల ఆవేదన. వాకాడు మండలం రాయదొరువు వద్ద ముఖద్వారం ఇసుకతో పూడి సముద్రపు నీటి రాక తగ్గింది. వేసవిలో ఉత్తర భాగం ఎండి ఉప్పు పేరుతుంది. చేప, రొయ్య తగ్గితే పట్టపు కులస్తుల వలలు ఖాళీ, యానాదుల కుండలు ఖాళీ, గూడబాతు పిల్లల నోళ్లూ ఖాళీ. పూడికతీత పనులకు 2023 నవంబరులో శంకుస్థాపన జరిగింది. ఒకసారి తీసిన ఇసుక అలలతో మళ్లీ చేరుతుంది గనుక ఇది ఏళ్ల తరబడి సాగవలసిన పని.

నీటి లెక్క తప్పితే ఏమవుతుందో పొరుగుదేశంలో కనిపించింది. శ్రీలంకలోని మిన్నేరియ చెరువు వేసవిలో తగ్గినప్పుడు బయటపడే పచ్చికకై వందలాది అడవి ఏనుగులు చేరతాయి. వాటిని చూడ ప్రపంచ పర్యాటకులు వస్తారు. ఎగువనున్న మొరగహకంద జలాశయం నీటితో చెరువు ఎండాకాలంలోనూ నిండుగా ఉండగా పచ్చిక మునిగి, ఏనుగుల రాక తగ్గింది. అక్కడ నీరెక్కువై, ఇక్కడ తక్కువై చేటు.

ఎలా వెళ్లాలి?

సూళ్లూరుపేట చెన్నై-గూడూరు రైలు మార్గంలో, చెన్నై-కోల్‌కతా జాతీయ రహదారిపై ఉంది. నేలపట్టుకు దొరవారిసత్రం మీదుగా చేరవచ్చు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. వానలు ఆలస్యమైన ఏడు కాస్త ఆగి రావడం మేలు. ఉదయం, సాయంత్రం వేళల్లో బైనాక్యులర్‌తో చూస్తే చక్కగా కనిపిస్తాయి. ఫొటో కోసం చప్పట్లు కొట్టి గుంపును లేపడం తగదు. గూళ్ల మీది గూడబాతు బెదిరి లేస్తే ఆ కొద్దిసేపట్లోనే కాకులు గుడ్లను ఎత్తుకుపోతాయి.