అడవి అంచున గ్రంథాలయం: ఒక ఖర్చుల చిట్టా

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్ళే దారిలో ఒక గ్రంథాలయానికి కావలసిన సరంజామా అంతా కళ్ళబడుతుంది. పాల్వంచ దగ్గర విద్యుత్కేంద్రం, సారపాకలో కాగితం మిల్లు, ఆ మిల్లుకు జామాయిల్, సుబాబుల్ దుంగలు మోసుకుపోయే లారీలు. ఆ పైన గోదావరి. వంతెన దాటితే భద్రాద్రి. మరో ఊళ్ళో పుస్తకం తెరిచేవాడికి దాని కోసం ఏ చెట్టు కూలిందో, నెత్తిమీది దీపం కోసం ఏ బొగ్గు కాలిందో కనబడదు. ఇక్కడ దాచుదామన్నా దాగదు.

పర్యావరణానికి హాని చేయని గ్రంథాలయం అన్న మాట ఈ మధ్య తరచు వినబడుతున్నది. ఆ మాట వినగానే సౌరఫలకాలు, కొత్త భవనాలు గుర్తుకు వస్తాయి. అవీ కావలసినవే. కాని ఆ పొదుపు మనకు కొత్త విద్య కాదనీ, మధ్యలో మరచిపోయిన పాత విద్య అనీ నా అభిప్రాయం. ఆ చరిత్రను క్లుప్తంగా మనవి చేస్తాను.

తాళపత్రాల కాలం నుంచి మొదలుపెడదాం. తాటాకును ఉడికించి, ఆరబెట్టి, గంటంతో వ్రాసి, మసి పూసేవారు. పురుగు పట్టకుండా వేపాకు, వస కొమ్ము వాడేవారు. ఆకు పెళుసెక్కకుండా నిమ్మగడ్డి నూనె రాసేవారు. గుడ్డలో గట్టిగా చుట్టి కట్టేవారు. నాయకరాజుల నాటి తెలుగు గ్రంథాలెన్నో భద్రంగా ఉన్న తంజావూరు సరస్వతీ మహలులో వస, మిరియాలు, లవంగాలు, దాల్చినచెక్క, నల్లజీలకర్ర పొడిచేసి, కర్పూరం కలిపి, మూటలు కట్టి ప్రతుల మధ్య ఉంచే పద్ధతి ఉంది. ఇందులో మనిషికి చేటు చేసేదేదీ లేదు. అయితే ఒక్క షరతు. ఆ మూటలను వేళకు మార్చాలి, కట్టలను విప్పి చూడాలి. అంటే ఆ పద్ధతికి ప్రాణం మందులో కాదు, మనిషి చేతిలో ఉంది.

ఇరవయ్యవ శతాబ్దంలో ఆ చేతి స్థానాన్ని డబ్బా ఆక్రమించింది. డీడీటీ, గమాక్సిన్ పొడి, నాఫ్తలీన్ ఉండలు దేశమంతటా గ్రంథాలయాలలో మామూలు సరుకులయ్యాయి. చల్లి తలుపు మూస్తే సరిపోతుంది, రోజూ దులపనక్కరలేదు. ఆ గాలి పీల్చింది పురుగులొక్కటే కాదు, పుస్తకాలు సర్దేవారు, చదువుకొనేవారు కూడా. గమాక్సిన్‌గా మనం ఎరిగిన బీహెచ్‌సీని మన దేశంలో 1997లో నిషేధించారు. పుస్తకం పాతదైనకొద్దీ దానిమీద పడిన మందుల చరిత్ర కూడా పెద్దదే. పాత బీరువా తెరిచేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం చాదస్తం కాదు.

ఇక గ్రంథాలయోద్యమం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం వచ్చింది. భద్రాచలం ప్రాంతం అప్పట్లో వీటి పరిధిలో లేదు. గోదావరికి ఇవతల నిజాం రాజ్యం, అవతల మద్రాసు రాష్ట్రం. మద్రాసులో గ్రంథాలయ చట్టం 1948లో వస్తే, హైదరాబాదులో 1955లో వచ్చింది. తూర్పుగోదావరి నుంచి భద్రాచలం 1959లో ఖమ్మం జిల్లాలో కలిసింది. రెండు వైపులకూ ఒకే చట్టం 1960లో అమరింది. ఇంటిపన్నుతో పాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సు ఆ ఏర్పాటులోనిదే.

ఆ ఉద్యమంలో ఈ చిట్టాకు ముఖ్యమైన ఘట్టం గుంటూరు జిల్లాలో జరిగింది. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువలో తిరిగే ప్రయాణికుల పడవలలో పుస్తకాలు ఉంచారు. ఎటూ పోయే పడవ, ఎటూ ఖాళీగా కూర్చునే ప్రయాణికులు. గ్రంథాలయం కోసమని విడిగా ఒక బండి కదలలేదు, ఒక గది కట్టలేదు. ఈనాటి లెక్కల ప్రకారం ఇంతకంటే తక్కువ ఖర్చు గ్రంథాలయాన్ని ఊహించడం కష్టం. అదే పుస్తకం ఎందరి చేతులు మారిందో తలచుకుంటే, ఒక్కో పాఠకుని వంతుకు వచ్చే చెట్టు ఎంతని?

చెట్టు అంటే మళ్ళీ సారపాకకు రావాలి. భద్రాచలం పేపర్‌బోర్డ్స్ 1975లో ఏర్పడి, 1979లో ఉత్పత్తి ప్రారంభించింది. 2002లో ఐటీసీలో విలీనమైంది. కాగితాన్ని తెల్లబరచడానికి మూలక క్లోరిన్ వాడడం అదే ఏడాది ఇక్కడ మానుకున్నారు. ఆ వాయువు వలన డయాక్సిన్ వంటి విషాలు నీటిలో చేరతాయి గనుక అది చిన్న సంగతి కాదు. అడవి వెదురు మీద ఆధారపడిన కాగితపు పరిశ్రమ రైతు పొలాల వైపు మళ్ళడానికి 1988 నాటి జాతీయ అటవీ విధానం ఒక కారణం. ఈ చుట్టుపక్కల జామాయిల్ తోటలు ఆ మార్పుకు సాక్ష్యం. తోట అడవి కాదన్నది మాత్రం మరువరాదు. వెదురుపొద కింద బ్రతికే సమస్తమూ జామాయిల్ వరుసల కింద బ్రతకదు.

దీపం లెక్క కూడా ఇక్కడిదే. ఇల్లెందులో 1889లో బొగ్గు తవ్వకం మొదలైంది. పాల్వంచ కేంద్రంలో మొదటి యూనిట్ 1966లో వెలిగింది. ఆ పాత యూనిట్లు 2020లో మూతపడ్డాయి, తరువాతివి నడుస్తున్నాయి. గ్రంథాలయాన్ని పగటి వెలుతురులో చదువుకొనేలా కట్టడం, పడమటి గోడకు వేపచెట్టు నీడ ఇవ్వడం, గాలి ఆడే వసారా ఉంచడం అందుకే అలంకారాలు కావు. పగలు వేసి రాత్రి ఆపే ఏసీ పుస్తకానికి చేసే మేలు కూడా తక్కువే. తేమ పెరిగి తరిగి కాగితం అలసిపోతుంది, బూజుకు దారి ఏర్పడుతుంది.

చివరకు నది. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులు. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే. 1966లో ఫ్లోరెన్సులో ఆర్నో నది పొంగినప్పుడు అక్కడి జాతీయ గ్రంథాలయంలో లక్షలాది పుస్తకాలు బురదపాలయ్యాయి. తడిసిన పుస్తకాన్ని ఆరబెట్టి బ్రతికించే విద్య లోకానికి ఆనాటినుంచే బాగా వంటపట్టింది. నదీతీరపు గ్రంథాలయంలో కింది అరను ఖాళీగా ఉంచడం, అపురూపమైన ప్రతులను పై అంతస్తుకు చేర్చడం ఖర్చులేని పనులు. ఒకసారి మునిగిన పుస్తకానికి బదులు కొత్తది అచ్చువేయాలంటే మళ్ళీ ఒక దుంగ కావాలి.

ఈ చిట్టా అంతా కలిపి చూస్తే నాకు తోచినది ఒక్కటే. గ్రంథాలయంలో అన్నిటికంటే దుబారా ఏమిటంటే బీరువాలో తాళం పడి, ఎవరూ తెరవని పుస్తకం. దానికి చెట్టూ, నీరూ, బొగ్గూ అన్నీ ఖర్చయ్యాయి, ఫలం మాత్రం సున్న. అట్ట ఊడిన పుస్తకాన్ని చిత్తుకాగితాలవాడికి వేయక కుట్టించడం, మందు చల్లేబదులు దులపడం, పుస్తకాన్ని ఎటూ పోయే బస్సులోనో ఆటోలోనో తరువాతి పల్లెకు పంపడం, ఇవే మొదటి పనులు. సౌరఫలకం తరువాతి మాట.

వెదురు ఏ పల్లెల నుంచి మిల్లుకు వెళ్ళిందో ఆ కోయపల్లెలకు పుస్తకం ఎన్నిసార్లు తిరిగి వెళ్ళింది? ఆ ఒక్క పద్దు సరిపడేదాకా మన లెక్క మూసినట్టు కాదు.