క్యాంపర్ వ్యాన్ బ్యాటరీలు (అరకు ఘాట్ ప్రయాణం)

క్యాంపర్ వ్యాన్‌లో సాధారణంగా రెండు బ్యాటరీలు ఉంటాయి. ఒకటి ఇంజిన్ స్టార్ట్ చేయడానికి, రెండోది లైట్లు, ఫ్యాన్, ఫ్రిజ్, ఫోన్ ఛార్జింగ్ కోసం. రెండిటినీ విడిగా ఉంచాలి. లేకుంటే రాత్రంతా ఫ్రిజ్ నడిచాక తెల్లారి బండి స్టార్ట్ కాకపోవచ్చు.

విశాఖపట్నం నుంచి అరకులోయకు దాదాపు 115 కిలోమీటర్లు. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ జోరుగా తిరుగుతుంది కాబట్టి ఆల్టర్నేటర్ బాగా పనిచేస్తుంది. 30 ఆంపియర్ల డీసీ-డీసీ ఛార్జర్ ఉంటే మూడు గంటల ప్రయాణంలో గరిష్ఠంగా 90 ఆంపియర్-అవర్లు ఎక్కుతాయి. లోయలో బండి ఆపేశాక సోలార్ ప్యానెలే దిక్కు. అయితే డిసెంబరు, జనవరి ఉదయాల్లో పొగమంచు కమ్మేస్తుంది, వానాకాలంలో మబ్బులు వీడవు. అందుకే ప్యానెల్‌నే నమ్ముకుని అరకు వెళ్లడం మంచిది కాదు.

లెడ్-యాసిడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు. 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో చేతికొచ్చేది 50 మాత్రమే. సగటున 4 ఆంపియర్లు లాగే ఫ్రిజ్‌కు అది పన్నెండు గంటలకు సరిపోతుంది. లోడ్ తీసేసి కాసేపు ఆగి మీటర్ పెడితే 12.7 వోల్టులు నిండుకు, 12.2 సగానికి గుర్తు. మూతలున్న రకంలో ప్లేట్లు తేలకుండా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో 80 శాతం దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు, కానీ గడ్డకట్టే చలిలో దానికి ఛార్జింగ్ పెట్టకూడదు.