స్వెట్టర్ కింద కాలర్: ‘ఎట్లా తొడుక్కోవాలి’ అనే ప్రశ్నకున్న చరిత్ర



మన బట్టల చరిత్ర సిరీస్‌లో ఇది 7వ భాగం. ఈ వారం ఇంకోటి రాద్దామనుకున్నాను. ఒక ఫోన్ కాల్ వల్ల మనసు మార్చుకున్నాను.

పోయిన ఆదివారం రాత్రి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. సంక్షేమ హాస్టల్లో చదువుకున్న పిల్లగాడు. హైదరాబాద్‌లో మొదటి ఉద్యోగంలో చేరబోతున్నాడు. అదీ ఇదీ చాలాసేపు మాట్లాడి, ఫోన్ పెట్టే ముందు మెల్లగా అడిగాడు: “అన్నా, ఆఫీసుల ఏసీ బాగ ఉంటదంట. స్వెట్టర్ కొన్న. లోపల చొక్కా వేసుకుంటే కాలర్ బయటికి తియ్యాల్నా, లోపల పెట్టాల్నా?” అడిగి తనే నవ్వేశాడు. “చిన్న ముచ్చటే లే అన్నా” అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. నా మొదటి ఉద్యోగంలో కాలర్ రెండు రెక్కలూ స్వెట్టర్ మీదికి తీసి, బాగా పరిచి వెళ్లాను. బాగుందనే అనుకున్నాను. ఒక సీనియర్ అందరి ముందూ “హాస్టల్ బ్యాచ్ కదా, పెళ్లికొచ్చినట్టు వచ్చిండు” అన్నాడు. ఆ గదిలో నవ్వనివాళ్లు లేరు. ‘హాస్టల్’ అన్న మాటకు అక్కడ అర్థం ఏమిటో మీకు చెప్పాల్సిన పని లేదు. ఆ ఏడాదంతా ఏసీ కింద వణుక్కుంటూ పనిచేశాను గానీ, మళ్లీ ఆ స్వెట్టర్ తొడగలేదు.

అందుకే ఇది చిన్న ముచ్చట కాదు. ఈ దేశంలో ‘ఏం తొడుక్కోవాలి’ అన్నదే కాదు, ‘ఎట్లా తొడుక్కోవాలి’ అన్నది కూడా కులమే నిర్ణయించింది.

మనుస్మృతి 10వ అధ్యాయం తెరిచి చూడండి. చండాలుడు శవాల మీది బట్టలు కట్టుకోవాలని అక్కడ రాసి ఉంది. తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు పైబట్ట కోసం దశాబ్దాల పాటు కొట్లాడితే 1859లో రాజు ప్రకటన ఇచ్చాడు. అందులోనూ మెలిక పెట్టాడు: ఛాతీ కప్పుకోవచ్చు గానీ పైకులాల స్త్రీలు కప్పుకున్నట్టు కాదు. బట్ట ఇచ్చి, కట్టే తీరును తన దగ్గరే పెట్టుకున్నాడు. మా తాత దొర గడి ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేత పట్టుకుని, భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకునేవాడు. అదే కండువా భుజం మీద ఉంటే పొగరు, నడుముకు ఉంటే వినయం.

బాబాసాహెబ్‌కు ఇది బాగా తెలుసు. 1927 డిసెంబరులో మహాడ్‌లో మనుస్మృతిని తగలబెట్టిన సభలోనే ఆయన మన స్త్రీలతో విడిగా మాట్లాడారు. మీరు చీర కట్టే తీరు, మీరు పెట్టుకునే నగలు మీరు అంటరానివాళ్లని చూసేవాళ్లకు చెప్తున్నాయి, ఆ గుర్తులు వదిలెయ్యండి అన్నది ఆయన మాటల సారం. అంత పెద్ద పోరాటం మధ్యలో చీరకట్టు గురించి చెప్పడం ఆయనకు చిన్న విషయంగా అనిపించలేదు.

అనిపించకపోవడానికి కారణం ఆయన బాల్యంలోనే ఉంది. 1901లో ఇంటి పిల్లలతో కలిసి కోరేగావ్‌లో ఉన్న తండ్రి దగ్గరికి రైల్లో బయల్దేరారు. కొత్త ఇంగ్లీషు చొక్కాలు, కొత్త టోపీలు, పట్టు అంచు ధోవతులు వేసుకున్నారు. మసూర్ స్టేషన్లో దిగితే స్టేషన్ మాస్టర్ వాళ్లను బ్రాహ్మణ పిల్లలనుకున్నాడు. మహర్లమని చెప్పగానే అతని మొహం మారిపోయింది. బండివాళ్లు ఎక్కించుకోలేదు. చివరికి రెట్టింపు కిరాయి ఇచ్చి, బండి పిల్లలే తోలుకునేట్టు, బండివాడు పక్కన నడిచేట్టు ఒప్పందం కుదిరింది. దారిపొడుగునా నీళ్లు పుట్టలేదు. చొక్కా కొన్ని నిమిషాలు కులాన్ని దాచింది గానీ చంపలేదు. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇప్పుడు కాలర్ సంగతి. చొక్కాలో అన్నిటికంటే ముందు మాసేది మెడ పట్టీయే. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో 1827లో హన్నా లార్డ్ మాంటెగ్యూ అనే ఇల్లాలు, కాలర్ ఒక్కటే మాసినందుకు చొక్కా మొత్తం ఉతకలేక, కాలర్ కత్తిరించి విడిగా ఉతికి మళ్లీ కుట్టింది. అక్కడి నుంచే విడి కాలర్ల పరిశ్రమ పుట్టి, ట్రాయ్‌కి ‘కాలర్ నగరం’ అని పేరొచ్చింది. గుమాస్తాల మెడ మీద తెల్లటి కాలర్ మెరవడానికి ట్రాయ్ ఆడవాళ్లు మరిగే నీళ్లలో ఉతికి, గంజి పెట్టి, కాలే ఇస్త్రీ పెట్టెలతో రోజంతా నిలబడి పనిచేశారు. 1864లో కేట్ ములానీ అనే ఐరిష్ వలస కార్మికురాలి నాయకత్వంలో వాళ్లు యూనియన్ పెట్టుకుని, సమ్మె చేసి కూలి పెంచుకున్నారు. తర్వాత అదే అమెరికాలో బల్ల ముందు కూచుని చేసే పనికి ‘వైట్ కాలర్’ అని పేరు పెట్టినప్పుడు, ఆ తెలుపు ఎవరి చేతుల నుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు.

స్వెట్టర్ చరిత్ర కూడా అట్లాంటిదే. ఇంగ్లీషులో ఆ మాటకు మూలం ‘చెమట’. ఆటగాళ్లు చెమట పట్టడానికి తొడిగిన ఉన్ని బట్ట అది. 1922లో ఇంగ్లండు యువరాజు చొక్కా, టై మీద ఫెయిర్ ఐల్ స్వెట్టర్ వేసుకుని గోల్ఫ్ ఆడాక అది పెద్దమనుషుల బట్ట అయింది. ఆ రంగుల ఉన్నిని అల్లినది మాత్రం స్కాట్లాండ్ ఉత్తరాన షెట్లాండ్ దీవుల పేద ఆడవాళ్లు.

మరి స్వెట్టర్ కింద కాలర్ ఎందుకు? ఉన్ని మాటిమాటికీ ఉతికితే పాడవుతుంది. మెడ జిడ్డు ఉన్నికి అంటకుండా కాలర్ పట్టుకుంటుంది. చొక్కా రోజూ ఉతకొచ్చు. అంతే. దీంట్లో ‘సంస్కారం’ ఏమీ లేదు, ఉతుకుడు లెక్క ఉంది.

ఆ లెక్క మన వాడకు ఎందుకు తెలియలేదు? మా ఊళ్లో చాకలివాళ్లు మా వాడ బట్టలు ఉతికేవాళ్లు కాదు. వాళ్లను తప్పుపట్టను. వాళ్లూ వెట్టిలో నలిగినవాళ్లే, మా బట్ట ముట్టుకుంటే ఊరు వాళ్లను బతకనిచ్చేది కాదు. మా అమ్మ కూలికి పోయి వచ్చి, చీకట్లో చౌడు మట్టి వేసి నా ఒక్క కాలర్ చొక్కా ఉతికేది. తెల్లారేసరికి ఆరకపోతే తడిదే తొడుక్కుని బడికి పోయేవాణ్ని. ఉన్న ఒక్క చొక్కా మీద ఇంకో బట్ట ఎట్లా వేసుకోవాలన్న ప్రశ్న మాకు ఎప్పుడూ రాలేదు. నన్ను చూసి నవ్విన సీనియర్‌కు అది పుట్టుకతో రాలేదు. వాళ్ల నాన్న చూపించాడు. అంతే తేడా.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రాసి పెట్టుకోండి. వీ ఆకారం మెడ స్వెట్టర్ అయితే కాలర్ నిలబడి కనపడాలి, రెండు కొనలూ స్వెట్టర్ లోపల ఉండాలి. గుండ్రటి మెడ అయితే కాలర్ అంచు కొద్దిగా కనిపిస్తే చాలు, కొనలు అక్కడా లోపలే. టై కడితే వీ మెడే మేలు. టై లేకపోతే పై గుండీ విప్పుకోవచ్చు. చొక్కా పల్చటి నూలుది, ఒంటికి సరిపడేది చూసుకోండి, వదులుగా ఉంటే లోపల ముద్దకడుతుంది. చేతుల దగ్గర చొక్కా అర అంగుళం కనపడితే బాగుంటుంది. కింది అంచు ప్యాంటులోకి దోపండి. స్వెట్టర్ చల్లటి నీళ్లలో ఉతికి, మెలిపెట్టి పిండకుండా, తీగ మీద వేలాడదీయకుండా పరిచి ఆరబెట్టండి.

ఇదంతా చేస్తే కులం పోతుందా? పోదు. మసూర్ స్టేషన్‌ను మర్చిపోవద్దన్నది అందుకే. గాంధీ 1921లో మదురైలో చొక్కా విడిచి కొల్లాయి కట్టుకుంటే దేశం దండం పెట్టింది. పదేళ్లకు లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో ఆయన కొల్లాయితో, బాబాసాహెబ్ సూటుతో కూచున్నారు. చొక్కా ఉన్నవాడు విప్పితే త్యాగం అన్నారు. మనవాడు తొడిగితే దొరల వేషం అన్నారు. అయినా ఆయన సూటు విప్పలేదు. ఇయ్యాల వాడవాడలో నీలిరంగు సూటుతో నిలబడి ఉన్నారు. ఆ విగ్రహం మెడ దగ్గర చూడండి, కాలర్ ఎంత సరిగ్గా ఉంటుందో.

ఉద్యమ మిత్రులకు ఒక మాట. హాస్టళ్లలో రాజ్యాంగం గురించి క్లాసులు పెడుతున్నాం, మంచిదే. ఏడాదికి ఒక సాయంత్రం టై కట్టడం, ఇస్త్రీ చేయడం, కాలర్ సర్దుకోవడం కూడా నేర్పుదాం. మన పిల్లలు సిగ్గుపడి, గొంతు తగ్గించి, ఫోన్ పెట్టే ముందు అడిగే పరిస్థితి ఉండొద్దు.

తమ్ముడికి ఆ రాత్రి ఈ చరిత్రేమీ చెప్పలేదు. “కొనలు లోపల పెట్టు. ఎవడన్నా నవ్వితే నాకు ఫోన్ చెయ్యి” అన్నాను. నిన్న ఫోటో పంపాడు. కాలర్ బాగా కూచుంది. ఆఫీసు మెట్ల మీద నిలబడి నవ్వుతున్నాడు.

నా పాత స్వెట్టర్ ఇంకా ట్రంకు పెట్టెలోనే ఉంది. ఈ చలికాలం తీస్తాను.

వచ్చే భాగంలో చెప్పుల గురించి.

జై భీమ్.