ఏడు షిల్లింగుల తీర్పు

ఆస్ట్రేలియా కార్మిక చరిత్రలో 1907 నవంబరు 8వ తేదీ మరువరానిది. ఆనాడు మెల్బోర్న్‌లో కామన్వెల్త్ రాజీ, మధ్యవర్తిత్వ న్యాయస్థానం అధ్యక్షుడు హెన్రీ బోర్న్స్ హిగిన్స్ వెలువరించిన తీర్పు, ప్రత్యేక నైపుణ్యమేదీ లేని సాదా కూలీకి సైతం రోజుకు ఏడు షిల్లింగులు, అంటే ఆరు పనిదినాల వారానికి 42 షిల్లింగులు ముట్టనిదే ఆ వేతనం న్యాయమైనది కాదని తేల్చింది. బజారులో కూలి ధర ఎంత పలుకుతోంది, యజమాని ఎంతకు బేరమాడగలడు అన్న ప్రశ్నలను పక్కన పెట్టి, భార్యాభర్తలూ ముగ్గురు పిల్లలూ ఉన్న ఇల్లు మర్యాదగా గడవడానికి ఎంత కావాలన్న ప్రశ్నతో లెక్క మొదలుపెట్టడం ఆ తీర్పులోని కొత్తదనం. కుటుంబ పోషణ మొత్తాన్ని మగవాడి కూలిలోనే ఇమిడ్చిన ఆ లెక్క లక్షల ఇళ్లకు అండగా నిలిచిన మాట నిజమే గాని, అందులో చోటు దొరకనివారిని చాలాకాలం పాటు అది గాలికి వదిలేసింది. ఆ దేశంలో ప్రభుత్వ సాయం పుట్టి పెరిగిన కథ చాలావరకు అలా మిగిలిపోయినవారి కథే.

తీర్పుకు దారితీసిన చట్టం 1906 నాటిది. దిగుమతుల మీద సుంకం వేసి దేశీయ పరిశ్రమను కాపాడినందుకు ప్రతిఫలంగా ఆ లాభంలో కొంత కూలీకి దక్కాలన్నది ప్రధాని ఆల్‌ఫ్రెడ్ డీకిన్ విధానం. ఆ మేరకు గోధుమ కంకులను కోసి, నూర్చి, తూర్పారబట్టే పనులను ఒకేసారి చేసే హార్వెస్టర్ యంత్రం ఒక్కొక్కదాని మీద ఆరు పౌండ్ల ఎక్సైజ్ పన్ను విధించి, న్యాయమైన వేతనాలు చెల్లిస్తున్న తయారీదారులకు మాత్రం దానినుంచి మినహాయింపు ఇచ్చారు. న్యాయమైన వేతనం అంటే ఏమిటో చట్టం నిర్వచించలేదు. మెల్బోర్న్ పడమటి శివారు సన్‌షైన్‌లో పెద్ద కర్మాగారం నడుపుతున్న హ్యూ విక్టర్ మెకే తనకు మినహాయింపు కావాలని దరఖాస్తు చేసుకోవడంతో, ఆ నిర్వచనం హిగిన్స్ చేతికి వచ్చింది.

విచారణలో అత్యంత విలువైన సాక్ష్యం కూలీల భార్యలు, ఇల్లు నడిపే ఇతర మహిళలు ఇచ్చినది. తొమ్మిది మంది గృహిణుల ఖర్చు పట్టీలను సగటు కడితే ఇంటి అద్దె, పచారీ సరుకులు, రొట్టె, మాంసం, పాలు, వంటచెరకు, కూరగాయలు, పండ్లకే వారానికి ఒక పౌండు 12 షిల్లింగుల 5 పెన్సులు అవుతున్నట్టు తేలింది. పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్సులు చెల్లే రోజులవి. మెకే సాదా కూలీకి ఇస్తున్నది రోజుకు ఆరు షిల్లింగులు గనుక, వారం కూలి 36 షిల్లింగుల్లో ఈ ఖర్చులు పోను చేతిలో మిగిలేది 3 షిల్లింగుల 7 పెన్సులు. బట్టలు, బూట్లు, వంటపాత్రలు, దీపం, జీవిత బీమా, సంఘం చందా, పుస్తకాలు, వార్తాపత్రికలు, ట్రాము చార్జీలు, కుట్టుమిషను, పిల్లల బడి సామాను, పొగాకు, జబ్బులు, చావు ఖర్చులు, దానధర్మాలు అన్నీ ఆ మిగులులోంచే రావాలి. తీర్పు ఈ జాబితాను వరుసగా ఏకరువు పెట్టింది. వార్తాపత్రికనూ సెలవుదినపు వేడుకనూ కూడా కూలివాడి అవసరాల్లో చేర్చిన న్యాయమూర్తి, కడుపు నింపడంతోనే మనిషి జీవితం పూర్తి కాదన్న సంగతిని లెక్కల భాషలో నమోదు చేశాడు. ఇల్లాళ్లు రాసుకున్న చిట్టాపద్దులు ఒక దేశపు వేతన విధానానికి పునాది కావడం చరిత్రలో అరుదైన ఘటన.

చట్టం మాత్రం నిలవలేదు. 1908లో హైకోర్టు ఇద్దరికి ముగ్గురి మెజారిటీతో, ఎక్సైజ్ పన్ను ముసుగులో పార్లమెంటు వేతనాలను శాసించజాలదని కొట్టివేసింది. విభేదించిన ఇద్దరిలో హైకోర్టు న్యాయమూర్తి కూడా అయిన హిగిన్స్ ఒకడు. 1911లో సన్‌షైన్ కార్మికులు మూడు నెలల పాటు సమ్మె చేసి ఓడిపోయారు. అయితే 1921 దాకా మధ్యవర్తిత్వ న్యాయస్థానాన్ని నడిపిన హిగిన్స్ తన ముందుకు వచ్చిన వివాదాలన్నిటిలోనూ అదే కొలమానాన్ని వాడడం వల్ల, చచ్చిపోయిన చట్టం కింద పుట్టిన ఏడు షిల్లింగులు క్రమంగా దేశమంతటికీ మూలవేతనమయ్యాయి.

అదే కాలంలో ఆస్ట్రేలియా పెట్టుబడి తెలుగువారికి చెల్లించిన కూలి ఎంతో తెలుసుకుంటేనే ఈ తీర్పు ఎల్లలు అర్థమవుతాయి. సిడ్నీ కేంద్రంగా పనిచేసిన కలోనియల్ షుగర్ రిఫైనింగ్ కంపెనీ ఫిజీ దీవుల చెరకు పరిశ్రమను శాసించేది. 1903 నుంచి 1916 వరకు మద్రాసు రేవు ద్వారా అక్కడికి ఐదేళ్ల ఒప్పందం మీద వెళ్లిన కూలీల్లో విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల వారు ఎందరో ఉన్నారు. ఒప్పంద పత్రం ప్రకారం రోజుకు మగవారికి ఒక షిల్లింగు, అనగా పన్నెండు అణాలు. ఆడవారికి తొమ్మిది పెన్సులు. అదీ చెప్పిన పని పూర్తిగా ముగిస్తేనే. సన్‌షైన్ కూలీకి ఏడు షిల్లింగుల కన్నా తగ్గితే అన్యాయమని మెల్బోర్న్ న్యాయస్థానం చెబుతున్న వేళ, సిడ్నీ కంపెనీ తోటలో గోదావరి కూలీ ఆ మొత్తం సంపాదించాలంటే వారం దాటి పనిచేయాలి. ఆ కూలీకి ఇల్లూ ఇల్లాలూ పిల్లలూ ఉంటారన్న ఊహే ఆ ఒప్పందాల్లో కనిపించదు.

ఆస్ట్రేలియా గడ్డ మీద కూడా గీతలు స్పష్టంగానే ఉండేవి. 1908 చట్టం ప్రకారం 1909 జూలై నుంచి దేశమంతటా అమలైన వృద్ధాప్య పింఛను వారానికి పది షిల్లింగులు. ఉద్యోగులు ముందుగా చందా కట్టే బీమా పద్ధతి కాకుండా, సాధారణ పన్నుల నుంచి, ఆదాయమూ ఆస్తీ పరిమితికి లోబడినవారికే ఇచ్చే పద్ధతి అది. నేటికీ ఆ దేశపు సాయం ప్రధానంగా ఆ పునాది మీదే నడుస్తోంది. ఆసియా వాసులనూ ఆదిమవాసులనూ ఆ చట్టం మినహాయించింది. 1912లో ప్రసవానికి ఐదు పౌండ్లు ఇచ్చే పథకం వచ్చినప్పుడూ అదే మినహాయింపు కొనసాగింది. 1922లో భారత ప్రభుత్వ ప్రతినిధిగా వి.ఎస్. శ్రీనివాస శాస్త్రి ఆస్ట్రేలియా నగరాల్లో పర్యటించి, అక్కడ స్థిరపడిన రెండు వేల చిల్లర మంది భారతీయుల హక్కుల కోసం వాదించిన తరువాత 1925లో వారికి ఓటు, 1926లో పింఛను అర్హత లభించాయి. సంఖ్యలో చిన్నదే అయినా, జాతిని బట్టి సాయం నిరాకరించే గోడలో పడ్డ మొదటి పగుళ్లలో అదొకటి.

స్త్రీల విషయంలో లెక్క మరీ అన్యాయంగా పనిచేసింది. ఇంటిని పోషించేది మగవాడేనన్న ఊహ మీద కట్టిన వేతనం గనుక, ఆడమనిషికి తన ఒక్క పొట్ట గడిస్తే చాలునని న్యాయస్థానం భావించింది. మిల్డ్యూరా పండ్లతోటల వివాదంలో 1912లో హిగిన్స్, మగవారితో పోటీపడి పండ్లు కోసే స్త్రీలకు సమాన కూలి, ఆడవారే చేసే ప్యాకింగు పనికి తక్కువ కూలి నిర్ణయించాడు. 1919 తరువాత స్త్రీల మూలవేతనం పురుషుల వేతనంలో 54 శాతం దగ్గర స్థిరపడి, 1950 నాటికి గాని 75 శాతానికి చేరలేదు. భర్త చనిపోయి ముగ్గురు పిల్లలతో మిగిలిన దర్జీపని మహిళ ఆ 54 శాతంతోనే ఇల్లంతా ఈదాలి. పెళ్లికాని యువకుడికి మాత్రం లేని ముగ్గురు పిల్లల ఖర్చూ అందేది.

ఈ లోపాన్ని బయటపెట్టింది ఎ.బి. పిడింగ్టన్ అధ్యక్షతన పనిచేసిన 1920 నాటి రాయల్ కమిషన్. కమిషన్ లెక్కలో ఐదుగురి కుటుంబానికి కావలసింది వారానికి దాదాపు ఐదు పౌండ్ల 16 షిల్లింగులు కాగా అప్పటి మూలవేతనం నాలుగు పౌండ్ల దరిదాపుల్లోనే ఉంది. అంత మొత్తం అందరికీ ఇస్తే పరిశ్రమలు తట్టుకోలేవన్న అభ్యంతరం రాగా, పిల్లల ఖర్చును వేతనం నుంచి విడదీసి నేరుగా పిల్లలున్న ఇళ్లకే ఇవ్వాలని పిడింగ్టన్ ప్రతిపాదించాడు. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో ప్రీమియర్ లాంగ్ ప్రభుత్వం 1926లో వితంతు పింఛనునూ 1927లో పిల్లల భత్యాన్నీ ప్రారంభించింది. 1941లో పిల్లల భత్యం, మరుసటి ఏడు వితంతు పింఛను దేశమంతటికీ విస్తరించాయి. ఆ భత్యం తల్లి చేతికే అందేది.

పనే లేనప్పుడు మూలవేతనం ఏమాత్రం పనికిరాదన్న సత్యాన్ని 1930ల ఆర్థిక మాంద్యం చాటింది. 1931లో న్యాయస్థానమే వేతనాలను పది శాతం కోసింది. 1932 నాటికి కార్మిక సంఘాల సభ్యుల్లో దాదాపు 30 శాతం మందికి పని లేదు. క్వీన్స్‌లాండ్ మినహా మరెక్కడా నిరుద్యోగ బీమా లేని ఆ దేశంలో పనిపోయినవారికి దొరికింది జనం ‘సస్సో’ అని పిలుచుకున్న సాయం. చాలాచోట్ల అది నగదుగా వచ్చేది కాదు; సరుకుల చీటీలుగా వచ్చేది, లేదా రోడ్డు పనిలో ఒళ్లు వంచితే వచ్చేది. అద్దె కట్టలేని కుటుంబాలు సిడ్నీ దక్షిణాన లా పెరూజ్ ఇసుక దిబ్బల మీద రేకులు, గోనెపట్టాలతో గుడిసెలు వేసుకుని, ఆ చోటికి హ్యాపీ వ్యాలీ అని పేరు పెట్టుకున్నాయి. ఆ అవమానాన్ని మరచిపోని తరమే 1945 జూలై నుంచి దేశవ్యాప్త నిరుద్యోగ, అనారోగ్య భృతిని తెచ్చింది. ఒంటరి వయోజనుడికి వారానికి 25 షిల్లింగులు.

ఆదిమవాసులు ఇంకా రెండు దశాబ్దాలు ఆగవలసి వచ్చింది. ఉత్తర ప్రాంతపు పశువుల క్షేత్రాల్లో వారికి సమాన వేతనం ఇవ్వాలని 1966 మార్చిలో మధ్యవర్తిత్వ కమిషన్ ఒప్పుకుంటూనే అమలును 1968 డిసెంబరుకు వాయిదా వేసింది. 1966 ఆగస్టులోనే విన్సెంట్ లింగియారి నాయకత్వాన గురింజీ ప్రజలు వేవ్ హిల్ క్షేత్రంలో పని మానేసి నడిచి వెళ్లిపోయారు. కూలి కోసం మొదలైన ఆ పోరాటం భూమి పోరాటమై, 1975 ఆగస్టులో ప్రధాని గాఫ్ విట్లమ్ లింగియారి అరచేతిలో పిడికెడు మట్టి పోసేదాకా సాగింది.

పేదరికాన్ని కొలిచే కొలబద్ద కూడా ఆ మూలవేతనం నుంచే వచ్చింది. మెల్బోర్న్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రొనాల్డ్ హెండర్సన్ 1966లో జరిపిన సర్వేలో, ఇద్దరు పిల్లలున్న కుటుంబానికి మూలవేతనమూ పిల్లల భత్యమూ కలిపితే వారానికి వచ్చే 33 డాలర్లను దారిద్ర్యరేఖగా తీసుకున్నాడు. అతని అధ్యక్షతన ఏర్పడిన జాతీయ విచారణ సంఘం 1975 నివేదికలో పది శాతానికి పైగా కుటుంబాలు కడు పేదరికంలో ఉన్నాయని తేలింది. అంతకు ముందే భారతదేశం కూడా ఇంటి లెక్కతోనే ఈ సమస్యను పట్టుకుంది. 1957లో పదిహేనవ భారత కార్మిక సమావేశం రోజుకు 2,700 కేలరీల తిండి, కుటుంబానికి ఏడాదికి 72 గజాల గుడ్డ, అద్దె, ఇంధన ఖర్చులను కనీస వేతనానికి ప్రాతిపదికగా పెట్టింది. అందులోనూ మగవాడిని ఒక పూర్తి యూనిట్‌గా, భార్యను 0.8 యూనిట్‌గా లెక్కించారు.

ఇరవై ఒకటో శతాబ్దంలో ఆస్ట్రేలియా కనీస వేతనం ప్రపంచంలోని మెరుగైన వాటిలో ఒకటి. 2025 జూలైలో అది గంటకు 24.95 డాలర్లకు చేరింది. పేదరికం ఇప్పుడు ప్రధానంగా ప్రభుత్వ భృతి మీద బతికే ఇళ్లలో పేరుకుంది. ఆ ఇళ్ల పట్ల ప్రభుత్వ వైఖరి ఎంత కఠినంగా మారగలదో 2015లో మొదలైన ‘రోబోడెట్’ చూపింది. ఏడాది ఆదాయాన్ని పక్షాలుగా సగటు కట్టి, భృతి ఎక్కువ తీసుకున్నారంటూ కంప్యూటరు పంపిన తాఖీదులు లక్షల మందిని లేని అప్పుల పాలు చేశాయి. కేథరీన్ హోమ్స్ కమిషన్ 2023 జూలైలో దాన్ని తీవ్రంగా ఎండగట్టింది. నెలకొక రకంగా పని దొరికే చాలీచాలని బతుకును సగటుగా చూడడమే ఆ అన్యాయానికి మూలం.

కనీస వేతనపు హక్కు వీసాతో నిమిత్తం లేకుండా అందరిదీ. ఉద్దేశపూర్వకంగా కూలి ఎగ్గొట్టడం 2025 జనవరి నుంచి నేరం కూడా. పని ఆగిన రోజున దక్కే సాయం సంగతి అలా లేదు. శాశ్వత నివాసం పొందిన కొత్త వలసదారు కూడా నిరుద్యోగ భృతి కోసం సాధారణంగా నాలుగేళ్లు ఆగాలి. విద్యార్థి వీసా వారికి ఆ భృతే లేదు. 2020 ఏప్రిల్‌లో కరోనా మూసివేతల వల్ల హోటళ్లు, దుకాణాలు మూతపడినప్పుడు, అక్కడ పనిచేస్తూ చదువుకుంటున్న తాత్కాలిక వీసాదారులకు వేతన సబ్సిడీ అయిన జాబ్‌కీపర్, నిరుద్యోగ భృతి అయిన జాబ్‌సీకర్ పథకాలు రెండూ వర్తించలేదు. తమను తాము పోషించుకోలేనివారు స్వదేశాలకు వెళ్లిపోవచ్చునని నాటి ప్రధాని స్కాట్ మోరిసన్ చెప్పారు. విమానాలు దాదాపు నిలిచిపోయిన ఆ వారాల్లో తెలుగు రాష్ట్రాల విద్యార్థుల్లో ఆ దారి కూడా లేనివారు ఇంటి అద్దెకు తల్లిదండ్రుల మీదా, తిండికి దాతల వంటశాలల మీదా ఆధారపడ్డారు.