నేలమీది కొలువు

విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియం పాత భవనానికి 1887 జూన్ 27న శంకుస్థాపన జరిగింది. చేసినవాడు అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ స్యూయెల్. విక్టోరియా రాణి పాలనకి యాభై ఏళ్లు నిండిన సందర్భం. వృత్తిపనుల వస్తువులు, పరిశ్రమల సరుకులు జనానికి చూపించడానికి కట్టారు. 1921లో పింగళి వెంకయ్యగారు గాంధీగారి చేతికి జెండా నమూనా ఇచ్చింది అక్కడే. అల్లూరు బుద్ధుడి విగ్రహం ఇప్పుడు ఉన్నదీ అక్కడే. 2020 అక్టోబరులో బాగుచేసి మళ్లీ తెరిచాక, ఫోనుతో స్కాన్ చేస్తే విగ్రహం గురించి చెప్పే ఏర్పాటు కూడా వచ్చింది. పిల్లలు అది చూసి ముచ్చటపడతారు. నాకూ సంతోషమే.

అయితే పిల్లలే చేసి, పిల్లలే సర్ది, వచ్చినవాళ్లకి పిల్లలే చూపించే ప్రదర్శన మా కృష్ణా జిల్లా ఇళ్లలో ఏనాటినుంచో ఉంది. సంక్రాంతి బొమ్మల కొలువు సంగతే చెబుతున్నాను. డ్రాయింగ్ టీచరుగా పనిచేసినదాన్ని కనుక, నా కళ్లు దేవుళ్లుండే పైమెట్ల మీద నిలవవు. మెట్ల ముందు నేలమీదికి పోతాయి.

పైమెట్లు పెద్దవాళ్లవి. మూడో అయిదో ఏడో మెట్లు కట్టి, తెల్లపంచె పరిచి, కలశం, దశావతారాలు, ఎర్రచందనం జంటబొమ్మలు అమ్మ, అమ్మమ్మ సర్దుతారు. ఏ బొమ్మ ఎక్కడుండాలో ఇంటి ఆనవాయితీ చెబుతుంది. కింద నేల మాత్రం పిల్లలది. అక్కడ పెద్దల మాట సాగదు. భోగికి వారం ముందే పాత పళ్లేల్లో మట్టి నింపి ఆవాలు, మెంతులు చల్లుతారు. పండగనాటికి అది పచ్చటి వరిచేను. అద్దం పడుకోబెట్టి అంచుల చుట్టూ ఇసుక పోస్తే చెరువు. ఇటుక ముక్కలు పేర్చి తడిమట్టి మెత్తితే ఇంద్రకీలాద్రి. అగ్గిపెట్టెలు ఇళ్లు, చీపురుపుల్లలు కరెంటు స్తంభాలు. నిజమైన గడ్డిపరకలతో గడ్డివాము వేయందే మొవ్వ దగ్గర మా అమ్మమ్మ ఊళ్లో ఆ కొలువుని కొలువే అనేవారు కాదు.

కొన్ని ఇళ్లలో దసరాకి పెడతారు. మా వైపు సంక్రాంతికి పెట్టడానికి కారణం పొలమే అని నా నమ్మకం. 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి, కాలువలు బందరు దాకా పారాక, ఈ నేల మాగాణి అయింది. జనవరికి సార్వా పంట కళ్లం నుంచి గాదెకి చేరుతుంది. చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి, బడికి సెలవులు, కొత్త బొమ్మ కొనిపెట్టమని అడగడానికి అంతకంటే మంచి అదను లేదు. ఏడాదికి ఒక్క కొత్త బొమ్మైనా చేరాలన్నది ఆచారం కూడాను.

ఆ కొత్త బొమ్మ చాలాసార్లు కొండపల్లిదే. బెజవాడకి దగ్గర్లోనే ఉన్న ఆ ఊళ్లో ఆర్యక్షత్రియ కుటుంబాలు చెక్కుతున్నాయి. రాజస్థాన్ నుంచి వచ్చామని వాళ్లు చెప్పుకుంటారు. ఒక వర్క్‌షాపు అరుగుమీద కూర్చుని గీత కార్మికుడి బొమ్మ తయారవడం చూశాను. తెల్లపొణికి కర్రని ముందు సన్నని సెగమీద ఆరబెడతారు, తడి పోవాలి. తాటిచెట్టు, మనిషి ఒళ్లు, చేతులు, కుండ అన్నీ వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. అదే మక్కుని వేలితో నొక్కి ముక్కు తీర్చేస్తారు. సుద్ద పూసి, ఆరాక, మేక వెంట్రుకల కుంచెతో రంగు. పూర్తయిన బొమ్మని అరచేతిలో పెట్టారు, బరువే తెలియలేదు! అయిదేళ్ల పిల్ల మెట్టు నుంచి మెట్టుకి మోసుకుపోగలదు. కొలువులో పిల్లల చెయ్యి అంత చనువుగా పడడానికి ఆ కర్ర తేలికదనం కూడా ఒక కారణమే. ఆ చెట్టు ఇప్పుడు అడవిలో దొరకడమే కష్టంగా ఉందని పనివాళ్లు బాధపడుతున్నారు.

సాయంత్రం పేరంటం. బొట్టుపెట్టి పిలవడానికి వెళ్లేదీ పరికిణీ కట్టుకున్న పిల్లలే. వచ్చినవాళ్లు పాట పాడాలి, హారతివ్వాలి, నానబెట్టిన శనగలు, తాంబూలం పుచ్చుకోవాలి. వంగి చూసే ప్రతి పిన్నిగారికీ, “ఇదిగో పిన్నీ, ఇది మా లాకు, ఈ పడవ బందరు పోతోంది,” అని చెప్పేది ఆ ఇంటి చిన్నదే. చెప్తూ చెప్తూ పడవని చేత్తో తోసేది కూడా. ప్రపంచంలో తొలి పిల్లల మ్యూజియం అని చెప్పే బ్రూక్లిన్ చిల్డ్రన్స్ మ్యూజియం 1899లో మొదలైంది. వస్తువుని పిల్లల చేతికిచ్చి నేర్పడం దాని ఘనత. ఆ ఘనతలో నాకు మా పేరంటాలు కనిపిస్తాయి.

నేలమీది ఆ ఊరే మాకు చరిత్ర రాసిపెట్టింది. మా అమ్మ చిన్నప్పటి కొలువులో కాలువ, లాకులు, సరుకు పడవలు ఉండేవట. ఏలూరు కాలువ, రైవస్ కాలువ, బందరు కాలువ, మూడింటిలోనూ అప్పట్లో పడవలే రవాణా. 1957లో ప్రకాశం బ్యారేజీ పూర్తయ్యాక మా తరం పిల్లలం అట్టముక్కకి అగ్గిపుల్లలు నిలబెట్టి గేట్లు కట్టాం. అసలు బ్యారేజీకి 70 గేట్లు, మా పుల్లలు అన్ని నిలిచేవి కావు. తర్వాత ఫ్లైఓవర్ వచ్చింది, అపార్టుమెంట్లు వచ్చాయి, గడ్డివాము చిన్నదైంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్‌నగర్ మునిగింది. కృష్ణలో బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ తర్వాతి సంక్రాంతికి మా వీధిలో ఒక ఎనిమిదేళ్ల పిల్లాడు కొలువు ముందు ఇంకేమీ పెట్టలేదు. నీలం కవరు పరిచి, దానిమీద అట్టపెట్టెల మేడలు నిలబెట్టాడు. డాబాల మీద కొండపల్లి బొమ్మలన్నింటినీ ఎక్కించాడు, ఏనుగు అంబారీతో సహా. పైనుంచి దారంతో ప్లాస్టిక్ హెలికాప్టరు వేలాడుతోంది, దాని కింద బిస్కెట్ ప్యాకెట్. వాళ్ల నాయనమ్మ, “పండగపూట ఇదేంట్రా నాన్నా,” అంది గాని తీయించలేదు. నేను దాన్ని చాలాసేపు చూశాను. వరద గురించి పేపర్లలో చదివినదానికంటే ఎక్కువ తెలిసింది. ఆ పిల్లాడికి ఎవరూ అంశం ఇవ్వలేదు, మార్కులూ వేయలేదు.

ముక్కనుమ వెళ్లాక అదంతా విప్పేశారు. ఇలా ఎన్ని వందల ఊళ్లు విప్పేసి ఉంటాం! పై మెట్ల బొమ్మలు పాతచీరల్లో చుట్టి ట్రంకుపెట్టెలో దాస్తాం, నేలమీది ఊరు ఊడ్చేస్తాం. అందుకే బాపు మ్యూజియంలో ప్రతి జనవరిలోనూ ఒక గది బడిపిల్లలకి ఇవ్వాలని అడుగుతున్నాను. కొండపల్లి నుంచి ఇద్దరు పనివాళ్లని పిలిచి కూర్చోబెట్టాలి. పిల్లలు తమ వీధిని తామే కట్టాలి, చూడవచ్చినవాళ్లకి తామే చెప్పాలి. విప్పేముందు ఫొటో తీసి, ఏ వీధి పిల్లలు, ఏ ఏడాది, ఏమేం పెట్టారో రాసి భద్రపరచాలి. నేలకి ఒక టార్పాలిన్, నాలుగు బస్తాల ఇసుక, పాత అట్టపెట్టెలు చాలు. ఆవాలు మాత్రం వారం ముందే చల్లుకోవాలి.